సత్యవేణి ఉడికించిన అరటికాయ

తునిలో ఇళ్లల్లో వంట మానేసి ఇరవై ఏళ్లయింది. తిండి గొట్టంలో మెత్తటి ముద్దగా వస్తుంది, కడుపుకు కావలసిన మంచి సూక్ష్మజీవులు మాత్రల్లో వస్తాయి. పొయ్యి వెలిగించడం నేరం.

వార్డు నర్సు సత్యవేణి వచ్చేసరికి ఆరేళ్ల లిఖిత విరేచనాలతో వడలిపోయి ఉంది. జ్వరానికి వేసిన యాంటీబయాటిక్ మందులకు కడుపులోని మంచి సూక్ష్మజీవులు చచ్చిపోయాయి. మూడు మాత్రలు వేసినా కొత్తవి నిలవలేదు.

“కడుపులో జీవుల్ని కొలిచే ఈ మీటరు ముల్లు ఎల్లుండికి లేవకపోతే, పిల్లను సర్కారు వైద్య కేంద్రానికి పట్టుకుపోతారు,” అంది సత్యవేణి.

“అక్కడికెళ్లిన మా అక్క కూతురు తిరిగి రాలేదండీ!” తల్లి నూకరత్నం ఆమె చేతులు పట్టేసుకుంది.

సత్యవేణికి ఒకటి తట్టింది. మింగించిన జీవులకూ తిండి కావాలి, ఆ ముద్దలో పీచన్నదే లేదు. ఇంటికెళ్లి తలుపులు మూసి, మూలనపడ్డ పాత పొయ్యి వెలిగించి, పెరట్లోని అరటికాయ మెత్తగా ఉడికించి, గిన్నె కొంగుచాటున తెచ్చింది. నాలుగో మాత్రతో పాటు పూటపూటా అదే తినిపించింది.

మూడో రోజు పొద్దున ముల్లు లేచింది. పిల్ల ఆకలంది.

వెంటనే గోడ మీది తెరలో కేంద్రం అధికారి కనిపించాడు. “ఏం మందిచ్చావ్?”

చెప్పొద్దన్నట్టు నూకరత్నం తల ఊపింది. కానీ దాస్తే మిగతా పిల్లల గతేమిటి?

“ఉడికించిన అరటికాయండీ,” అంది సత్యవేణి.

సాయంత్రానికి ఆమె ఉద్యోగం పోయింది. తెల్లారేసరికి ఆమె గుమ్మం ముందు, ఆ కబురు విని, వడలిపోయిన పిల్లల్ని చంకనెత్తుకుని పదిమంది తల్లులు నిలబడి ఉన్నారు.