సోమారు మాట

“ఒలే నూకీ, ఈ కుర్చీ కాస్త నీళ్ళేపు తిప్పే. నన్ను ఏరు సూడ్డానికి తెచ్చారా, పొదలు సూడ్డానికి తెచ్చారా?” అన్నాడు తాతబాబు.

“తిప్పితే జారిపోతారు. ఉన్నకాడ ఉండండి,” అంది నూకమ్మ.

ఆమె కళ్ళు మొగుడి మీద లేవు. నీళ్ళ అంచున నిలబడి, ఫోన్ చెవికి ఆనించుకుని, మాటిమాటికీ ఎగువకేసి చూస్తున్న సోమారు మీద ఉన్నాయి.

పక్షవాతం వచ్చి ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాక తాతబాబు గడప దాటడం ఇదే మొదటిసారి. అనకాపల్లి దగ్గర రైలు పట్టాల వెంట గ్యాంగ్‌మన్‌గా బతుకంతా నడిచిన మనిషి. కొడుకు రాజ్‌కుమార్‌కి జగదల్‌పూర్ స్టేషన్లో ఉద్యోగం. చూడవచ్చిన అత్తమామల్ని ఒక్కచోటికైనా తిప్పాలని కోడలు స్టెల్లా పట్టుబట్టింది.

“ఏటి మధ్యలో లంకుంది మావయ్యా. నడవలేనోళ్ళని కుర్చీతో సహా మోసుకెళ్తారంట. రాజాలాగ కూకోవచ్చు.”

నూకమ్మ వద్దంది. వాయుగుండం పట్టిందంది, పాములుంటాయంది, అడవిలో ఎవరుంటారో ఏమో అంది. ఆమె భయపడని రోజంటూ లేదు గనక ఎవరూ చెవిన పెట్టలేదు.

మధ్యాహ్నం ఏటి ఒడ్డున మోతపని చేసే సోమారూ, అతని తమ్ముడు కోసా చక్రాల కుర్చీని చెరోపక్క పట్టి, మోకాటిలోతు నీళ్ళలో నడిచి, లంక ఇసుకలో దింపారు. నూకమ్మ చీర ఎగ్గట్టి వెనకే వచ్చింది. కోసా తిరిగి వెళ్ళిపోయాడు. రాజ్‌కుమార్ డ్యూటీ దిగి, స్టెల్లాని వెంటబెట్టుకుని సాయంత్రానికి వస్తానన్నాడు.

సోమారు ఏటేటా భద్రాచలం వైపు మిరపకాయలు ఏరడానికి పోతాడు. అతని తెలుగు ఆ చేలల్లో ఏరుకున్నదే. భాష తెలియని చోట ఆ నాలుగు ముక్కలే నూకమ్మకి కొండంత ధైర్యం. ఇప్పుడా కొండ కరుగుతోంది.

సోమారు ఫోన్లో తన హల్బీ భాషలో ఏదో గబగబా చెబుతున్నాడు. మధ్యలో “బుడ్ఢా, బుడ్ఢీ” అని వినబడింది. ముసలాడు, ముసలిది. బజారు హిందీ ఆ మాత్రం ఆమెకీ తెలుసు. ఆ వెంటనే “డొంగా” అన్నాడు. మళ్ళీ, గొంతు తగ్గించి, “డొంగా... జల్దీ.”

నూకమ్మ చెయ్యి పుస్తెలతాడు మీదికి పోయింది. మొరటుగా పలికినంత మాత్రాన దొంగ దొరవుతాడా?

“ఏటండీ, ఇన్నారా? దొంగంటన్నాడు.”

“ఎవుడు?” తాతబాబుకి ఒక చెవి వినబడదు. రెండోది దానికి బుద్ధి పుట్టినప్పుడు వింటుంది.

“ఆ సోమారే! ఎవుడికో మన సంగతి సెప్తన్నాడు.”

“మన కాడేటుందే దోచుకోడానికి? పడిపోయిన కాలుంది, అదట్టుకుపొమ్మను.”

సోమారు పరుగులాంటి నడకతో వచ్చాడు. పొద్దుటి నవ్వు ముఖాన లేదు.

“అమ్మా, నేను అవతలికి పోతున్న. డొంగా వస్తది. ఈడనే ఉండు.”

“నిజంగా వస్తాడా?” ఆమె కొంగు మెడ నిండా కప్పుకుంది.

“పక్కా వస్తది. పిలిస్తే పలుకు. ముసలాయన్ని కదపకు.”

ఏట్లో దిగి, సగం నడిచి సగం ఈది, రెండుసార్లు వెనక్కి తిరిగి చూస్తూ అవతలి గట్టెక్కి చెట్లలో మాయమయ్యాడు. పిలిస్తే పలకాలట! కసాయివాడు గొర్రెకి చెప్పినట్టుంది అనుకుంది నూకమ్మ. కొడుక్కి ఫోన్ చేసింది. సోమారుకి దొరికిన టవరు ఆమెకి దొరకలేదు. అదీ అనుమానంగానే తోచింది.

“నూకీ, ఇందాక ఆ నల్లరాయి మీద కొంగుండేది. ఇప్పుడు కొంగా నేదు, రాయీ నేదు.”

“పేణం మీదికొస్తే కొంగలేటండీ మీకు!”

గాజులూ పుస్తెలతాడూ తీసి రవికలో దోపుకుంది. కుర్చీని వెనక్కి వాల్చి ఇసుకలో ఈడ్చింది. చక్రాలు కూరుకుపోతున్నాయి, నడుము విరుగుతోంది. అయినా ఆగలేదు. లంక రెండో కొసన, దట్టంగా పెరిగిన పొదల వెనకకి చేర్చి, కొమ్మలు విరిచి ముందు అడ్డం పెట్టింది.

పొద్దు కుంగుతుండగా గొంతులు వినిపించాయి. ఒకటి కాదు, రెండు.

“అమ్మా! ఓ అమ్మా! డొంగా వచ్చింది! డొంగా!”

టార్చి వెలుగు పొదల మీదుగా పాకింది. నూకమ్మ కుర్చీ పక్కన ఒదిగి కూర్చుంది.

“ఆడు పిలుస్తన్నాడే...” అన్నాడు తాతబాబు. ఈసారి చెవి బాగానే విన్నది.

ఆమె అతని నోరు గట్టిగా మూసింది. “పలికారంటే పీకలు కోసీస్తారు. మీ కొడుకు మీదొట్టు.”

కుర్చీ గీసిన చారల మీదికి అప్పటికే నీళ్ళు పాకాయి. వచ్చినవాళ్ళకి జాడ దొరకలేదు. సోమారు గొంతు దగ్గరికొచ్చింది, వణికింది, ఏడుపులోకి దిగింది. ఎంత నటన, అనుకుంది నూకమ్మ. చివరికి రెండో గొంతు కసిరినట్టు ఏదో అంది. వెలుగు మళ్ళింది. “అమ్మా” అన్న కేక దిగువకి పోయింది, మరీ దిగువకి పోయింది, ఆగింది.

ఆమె చెయ్యి తీసింది.

“పోయారు,” అంది.

“కాలు తడుస్తందే,” అన్నాడు తాతబాబు.

“తడిస్తే ఆరుద్ది. పేణాలు మిగిలాయి, అదే పదివేలు. బాబొచ్చేస్తాడు.” కొంగుతో మొగుడి ముఖం తుడిచి, కనబడని దేవతకి రెండు చేతులూ జోడించింది. “అమ్మా నూకాలమ్మ తల్లీ, గండం గట్టెక్కించావు!”

హల్బీలో డొంగా అంటే పడవ.