పట్టుకోవాల్సినవాడు

"పట్టుకోండ్రా, వాణ్ణి పట్టుకోండ్రా!" శివకుమార్ టేబుల్ మీద గుద్దాడు.

ఎవరూ పట్టుకోలేదు. ఎర్ర చొక్కా ఆటగాడు మన డిఫెండర్ల మధ్య నుంచి సంతలో కూరగాయలు చూసుకుంటున్నవాడిలా తీరిగ్గా నడిచొచ్చి బంతిని గోల్‌లోకి తోశాడు. నీళ్ల సీసాకు ఆనించిన ఫోన్ వెనక్కి జారి పడబోయింది. పక్క కుర్చీలోని సీతయ్య దాన్ని సర్ది నిలబెట్టాడు.

"పాయె," అన్నాడు సీతయ్య. "చాయ్ ఇంకా చల్లారనే లేదు, అప్పుడే పాయె."

"ఆ దేశం ఎంతుంటదో ఎరుకనా నీకు? దేశంల ఉన్నోళ్ళందరు వచ్చి నిలబడ్డా, భద్రాచలంల ముక్కోటి నాటి జనమంత ఉండరు."

"అందుకే సార్, వాళ్ళు ఒకళ్ళకొకళ్ళు తెల్సు. మనోళ్ళు ఇప్పుడే బస్టాండ్‌ల కల్సుకున్నట్టు ఆడుతున్నరు."

శివకుమార్ పగలబడి నవ్వాడు. చర్ల అవతల ఈ అడవి అంచుకు బదిలీ అయి వచ్చాక ఆయన ఇంతగా నవ్వింది లేదు. ఇల్లందులో బొగ్గుగని కార్మికుడి కొడుకుగా పుట్టి, కాలనీ గ్రౌండులో మోకాళ్ళు చీరుకుంటూ పెరిగిన మనిషి. ఇక్కడ ఫుట్‌బాల్ గురించి మాట్లాడదామంటే తోడు లేదు. ఆఫీసులో తన కింద పనిచేసే తిరుమలకు క్రికెట్ తప్ప వేరే ఆట ఉన్నట్టే తెలియదు.

సీతయ్య పరిచయం కావడం కూడా చిత్రంగానే జరిగింది. పక్క గూడెంలో పోడు చేసుకునే రైతు. పొద్దున వచ్చినప్పటి నుంచి గోడకు ఆనుకుని నోరు విప్పకుండా కూర్చున్నాడు. మధ్యాహ్నం శివకుమార్ ఫోన్‌లో పాత మ్యాచ్ చూసుకుంటుంటే, అక్కడి నుంచే, "అది ఆఫ్‌సైడ్ సార్," అన్నాడు. ఆశ్రమ పాఠశాలలో చదివినన్నాళ్ళూ అతనే గోల్‌కీపరట. అంతే, శివకుమార్ రెండో కుర్చీ తెప్పించాడు.

ఫోన్‌లో ఆట ఆగిపోయింది. తెర మధ్యలో గుండ్రం తిరగడం మొదలైంది.

"మళ్ళ సిగ్నల్ పాయె," విసుక్కున్నాడు శివకుమార్.

"ఉండనియ్యండి సార్. మనోళ్ళకన్నా ఆ గుండ్రమే నయం. ఆగకుంట ఉరుకుతున్నది."

సిగ్నల్ వచ్చేసరికి సగం ఆట ముగిసింది. శివకుమార్ మిరపకాయ బజ్జీల పొట్లం విప్పి సీతయ్య ముందుకు జరిపాడు. అప్పుడే తిరుమల తలుపు దగ్గరికి వచ్చాడు.

"సార్, సీతయ్య భార్య సారక్క వచ్చింది. బువ్వ తెచ్చింది. ఇంటికి ఎప్పుడు తోలుతరని అడుగుతున్నది."

"ఆట నడుమ ఎట్ల తోలుతనయ్యా? కూసోమను. బువ్వ ఇట్ల పట్కరా, ఇక్కడనే తింటడు."

తిరుమల టిఫిన్ క్యారియర్ తెచ్చి పెట్టాడు. సీతయ్య దాని వైపు ఒకసారి చూశాడు కాని మూత తీయలేదు.

రెండో సగంలో ఇద్దరికీ కాసేపు గొడవైంది. తప్పంతా కోచ్‌దే అన్నాడు శివకుమార్.

"కోచ్ ఏం చేస్తడు సార్? బాల్ వస్తుంటే పక్కకు జరిగి దారి ఇస్తున్నరు. పెండ్లికి వచ్చిన చుట్టాన్ని గూడ మేమంత మర్యాద చెయ్యం."

"నీకు తెల్వదు ఊకో. పద్ధతే తప్పు!"

"పద్ధతి కనపడితే కద సార్ తప్పో ఒప్పో చెప్పేది."

ఆట ముగియబోతుండగా మనకు పెనాల్టీ వచ్చింది. ఇద్దరూ లేచి నిలబడ్డారు. శివకుమార్ సీతయ్య మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. సీతయ్య ఏదో మొక్కుకున్నాడు. మన స్ట్రైకర్ బంతిని ముద్దుపెట్టుకుని, జాగ్రత్తగా కింద పెట్టి, ఆకాశం చూసి దండం పెట్టి, సరిగ్గా ఆ ఆకాశంలోకే తన్నాడు.

శివకుమార్ సీతయ్య మణికట్టు వదిలేశాడు.

"బంతి దొరికితే చెప్పమనండి సార్," అన్నాడు సీతయ్య. "మా పోడుల గిట్ల పడ్డదేమో."

శివకుమార్ కుర్చీలో కూలబడ్డాడు. చిన్నప్పుడు నాన్న భుజాల మీద కూర్చుని మ్యాచ్‌లు చూసిన నాటి నుంచీ ఒక్క గెలుపు కోసం ఎదురుచూస్తూనే ఉన్నాడు. ఫోన్‌లో ఆ ఎర్ర చొక్కావాడి గోల్‌నే తిప్పి తిప్పి చూపిస్తున్నారు.

"చూడు, మంచిగ చూడు," అన్నాడు. "గోల్ కొట్టేటోడు పక్క నుంచే పోతుండు. వీళ్ళిద్దరు వాన్ని ఇడిసిపెట్టి, ఊకె నిలబడ్డోన్ని పట్టుకున్నరు. వాని దగ్గర బంతి లేదు, ఏం లేదు. వాన్ని పట్టుకుంటే ఏమొస్తది?"

"పట్టుకున్నమని పైవాళ్ళకు చూపియ్యాలె కద సార్. అసలోడు దొరకకుంటే పక్కనున్నోడు."

"అవ్! కరెక్ట్ చెప్పినవ్. గందుకే ఈ దేశం బాగుపడదు."

సారక్క వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఏడ్చిందో, పొయ్యి పొగో, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. శివకుమార్ అటు చూడలేదు.

"మంగళవారం ఇంకో మ్యాచ్ ఉన్నది సీతయ్యా. నువ్వు పక్కన లేకుంటే నాకు తిట్టబుద్ధి గూడ కాదు."

"మళ్ళ ఓడుతరు సార్."

"ఓడనీ. ఇద్దరం కూసొని తిడదాం."

సీతయ్య నవ్వాడు. సారక్క నవ్వలేదు.

శివకుమార్ ఫోన్ జేబులో పెట్టుకుని, ఒళ్ళు విరుచుకుంటూ లేచాడు.

సీతయ్యను లాకప్‌లోకి పంపి తాళం వేశాడు.