ఒక్క అక్షరం తేడా

కాకినాడ వార్డు క్లినిక్‌లో ప్రతి నెలా మొదటి సోమవారం జింక్ వేళ్ల సూది వేస్తారు. ఆ మందులోని ప్రొటీన్‌కు జింక్ అణువులు బిగించి ఉంచే వేళ్లలాంటి మడతలుంటాయి. అది డీఎన్ఏలో క్యాన్సర్ జన్యువును వెతికి, తన వేళ్లతో గట్టిగా పట్టుకుని నెలంతా లేవనివ్వదు. నర్సు మంగతాయారు తోడికోడలు సుభాషిణి రొమ్ములో గడ్డను మూడేళ్లుగా ఆ మందే అణచిపెట్టింది.

ఈసారి కొత్త మందు వచ్చింది. కంప్యూటర్‌లో సుభాషిణి పేరు కొట్టగానే తెర మీద ఎర్ర గీత పడింది. ఆమె జన్యువులో ఒక్క అక్షరం వేరు. కొత్త వేళ్లకు అది చిక్కదు. అలాంటివాళ్లు జిల్లాలో నలుగురే ఉన్నారని కంపెనీవాళ్లు పాత మందు చెయ్యడం మానేశారు.

"ఏంటక్కా, సూది తియ్యవేం?"

"ఇది నీకు పనిచెయ్యదే. పాతది ఇంక రాదంట."

సుభాషిణి తలుపు వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది. "ఇంకెన్నాళ్లు?"

మంగతాయారు తెర ఆర్పేసింది.

"ఏదో ఒకటి వెయ్యక్కా. బయట మీ మరిది కూర్చున్నారు. చేతికి దూది లేకపోతే ఎందుకని అడుగుతారు."

మంగతాయారు ఉత్త సెలైన్ నీళ్లు సూదితో ఎక్కించి, దూది అద్ది, తలుపు తీసింది.

మరిది లేచి నిలబడ్డాడు. "అయిపోయిందా వదినా?"

"అయిపోయింది" అంది.