తుమ్మ బదనిక

సుబ్బరామయ్య గ్యాస్ మాస్కు తగిలించుకుని సోఫాలో వెల్లకిలా పడుకున్నాడు. గల్ఫ్ యుద్ధం ముగిసి ఏడాది దాటింది. స్కడ్ మిసైళ్లు పడుతున్న రోజుల్లో అందరికీ పంచిన మాస్కు అది. అప్పుడు ఒక్కసారి కూడా అక్కరకు రాలేదు. ఇప్పుడొచ్చింది, హేమసుందర్ పుణ్యమా అని.

వంటింట్లో హేమసుందర్ కషాయం కాస్తున్నాడు. నజ్రాన్ వైపు లారీ తోలే ఖాజావలి ఇటొచ్చినప్పుడల్లా ఓ మోపు తుమ్మ బదనిక తెచ్చి పడేస్తాడు. అది ఉడుకుతుంటే తడి గోనెసంచీ, మాడిన చింతగింజలూ కలిసిన కంపు. రాస్ తనూరా రిఫైనరీ వాసన దాని ముందు సాంబ్రాణి.

సుబ్బరామయ్యకి ఒళ్లు మండిపోయింది. ఈ ఇంట్లో తను కోరేదేముంది? మధ్యాహ్నం కాస్త కునుకు, సాయంత్రం టీవీ, రెండుపూటలా వేడి వేడి అన్నం. ఆ మాత్రం సుఖం కూడా దక్కనివ్వడా వీడు?

"ఏరా అబ్బాయ్," అన్నాడు మాస్కు పైకెత్తి. "ఈ కాచుడేదో జుబైల్లో ఓ గది తీసుకుని కాచుకోకూడదూ? అక్కడ అద్దెలు చౌకట."

"జుబైల్లో గది కోసం నేనూ వాకబు చేస్తూనే ఉన్నాను బాబాయ్‌గారూ," అన్నాడు హేమసుందర్, కషాయం గ్లాసు తెచ్చి అందిస్తూ వినయంగా. ఇద్దరికీ చుట్టరికం ఉంది. ఎలాగో చెప్పాలంటే పూట పడుతుంది. "ముందిది తాగండి. మీ షుగరుకి మంచిది."

"అసలేంట్రా ఇది?"

"బదనికండీ. నేలలో వేరుండదు దీనికి. చెట్టు కొమ్మలోకి వేళ్లు దించి, దాని రసం తాగి బతుకుతుంది. ఏ చెట్టు మీద పెరిగితే ఆ చెట్టు గుణం పట్టుకుంటుందని మా తాత చెప్పేవాడు. ఒంటిమీద దురదలకి వేప బదనిక, షుగరుకి తుమ్మ బదనిక."

"సిగ్గులేని మొక్క! ఒకడి సొమ్ము తిని బతికేదానికి మళ్లీ గుణం కూడానా!"

"మందుకైనా పనికొస్తోంది కదండీ," అని గొణుక్కుంటూ హేమసుందర్ గిన్నెలు తోమడానికి వెళ్లిపోయాడు.

సుబ్బరామయ్య ఆ గ్లాసు తీసుకెళ్లి బాత్రూంలో ఒంపేశాడు. ఇక లాభం లేదు. ఈ ఇంట్లో ఉంటే కషాయమైనా ఉండాలి, తనైనా ఉండాలి. అటో ఇటో ఇవాళ తేలిపోవాలి.

హేమసుందర్ స్నానానికి వెళ్లిన అదను చూసి, కంపెనీ క్వార్టర్ల ఆఫీసుకి ఫోన్ చేశాడు. పేరు చెప్పలేదు. ఎంతైనా చుట్టం, రేపు మొహాలు చూసుకోవాలి కదా.

"హేమసుందర్ అనే కుర్రాడు ఏవో ఆకులు ఉడకేసి జనాన్ని చంపుతున్నాడండీ. వచ్చి గట్టిగా చీవాట్లు పెట్టండి."

సాయంత్రానికల్లా క్వార్టర్ల ఆఫీసరు అమర్నాథ్ దిగాడు. తెలుగువాడే గానీ రూల్సు దగ్గర చండశాసనుడని పేరు. సుబ్బరామయ్య గబగబా మాస్కు బిగించుకుని, సాక్ష్యం బలంగా ఉంటుందని సోఫాలో పడి దగ్గడం మొదలెట్టాడు.

అమర్నాథ్ తిన్నగా పొయ్యి దగ్గరికెళ్లి మూత తీశాడు. మొహం చిట్లించాడు. అంతలోనే ఆ మొహం విప్పారింది.

"బదనికా! మా నాయనమ్మ కాచేదండీ, ఇదే కంపు!"

ఒక గ్లాసు పట్టించాడు. ఇంకో గ్లాసు అడిగి మరీ తాగాడు. మాస్కు లోపల సుబ్బరామయ్య దగ్గు దానంతటదే ఆగిపోయింది.

అమర్నాథ్ మూతి తుడుచుకుని సోఫా వైపు తిరిగాడు.

"మీ క్వార్టర్లో మీ ఇష్టమొచ్చినంత కాచుకోండి హేమసుందర్ గారూ, అది సరేగానీ, ఖఫ్జీలో బాంబులు పడుతున్నాయని అప్పట్లో నాలుగు రోజులకి గెస్టు పాసు తీసుకుని వచ్చిన ఈ బాబాయ్‌గారు ఇంకా మీ సోఫా దిగలేదేం?"