తొమ్మిది గోల్స్‌కి ఎన్ని ప్లేట్లు?

“అక్కా, ఇంకో డజను!”

“అయిపోయాయి బాబూ.”

“అయిపోవడమేంటి? నేనింకా నాలుగో గోల్ దగ్గరే ఉన్నాను. ఇంకా అయిదున్నాయి!”

పింగాణీ సామాన్ల కొట్టులో ప్లేట్లక్క ఖాళీ గంప ఎత్తి బోర్లించి చూపించింది. గంపలోంచి ఎండుగడ్డి మాత్రమే రాలింది. జనంలో ఎవరూ నవ్వలేదు.

స్టేడియం ఆ వీధి చివరే. జాతీయ జట్టు ఓడిన ప్రతిసారీ అభిమానులు నేరుగా ఆమె కొట్టుకే వస్తారు. అంచు విరిగినవీ బీట పడినవీ ఏడాది పొడుగునా ఏరి, ఆమె వాళ్ళ కోసం పక్కన పెడుతుంది. అవి కొనుక్కుని, ఎదురుగా ఉన్న మూతపడిన మిల్లు గోడ దగ్గరికి వెళ్తారు. ఒకరు కోచ్ పేరు, ఒకరు పెనాల్టీ పోగొట్టినవాడి పేరు, ఎవరికి నచ్చిన పేరు వాళ్ళు అరిచి, బలంకొద్దీ విసురుతారు. ఆ తర్వాత ఎవరిళ్ళకి వాళ్ళు పోతారు. గోడకి తగిలిన ప్లేటు ఇంట్లో ఆడవాళ్ళ మీదికి రాదని అక్క లెక్క. ఒక గోల్ తేడాకి రెండు డజన్లు, రెండు గోల్స్‌కి నాలుగు, మూడుకి ఆరు. అంతకు మించి ఓడిన రోజు లేదు కాబట్టి అంతకు మించి ఆమె నిలవ చెయ్యలేదు.

ఈ మధ్యాహ్నం తొమ్మిది–సున్నా. అదీ సొంత మైదానంలో.

ఆట ముగిసి గంటైంది. జనం తగ్గడం లేదు, పెరుగుతున్నారు. ఆటగాళ్ళ బస్సుకి ఒక్క అద్దం మిగల్లేదని చెప్పుకుంటున్నారు. ఎక్కడో ఒక షట్టరు కూలిన చప్పుడు వినిపించింది.

“ఏమే,” వెనక నుంచి వాళ్ళాయన గుసగుసగా అన్నాడు. “మన పీకల మీదికి వస్తోంది. తాళం తీసి ఇచ్చేద్దాం.”

“ఎలా ఇస్తామండీ? చూస్తూ చూస్తూ!”

“మనమేం చేశామని? మనకెందుకు ఈ గొడవ?”

“మీరు ముందు చెమట తుడుచుకోండి. చూస్తున్నారు.”

కొట్టు వెనకున్న గోడౌన్ తాళం చెవి ఆమె గుప్పిట్లోనే ఉంది. బిగించి పట్టుకోవడంతో అరచేతిలో అచ్చు పడింది.

జనాన్ని తోసుకుంటూ డోలు ముందుకొచ్చాడు. గ్యాలరీలో డోలు వాయించేది అతనే కాబట్టి అందరికీ ఆ పేరే గుర్తు. మామూలు రోజుల్లో ఎలక్ట్రీషియన్. ఆమె తల మీద తిరుగుతున్న ఫ్యాను బిగించిందీ అతనే. ఇవాళ డోలు చర్మం చీలిపోయి మెడలో వేలాడుతోంది. అతని కళ్ళు ఆమెకి తెలిసిన కళ్ళలా లేవు.

“లోపల సరుకుందిగా అక్కా?”

“ఉంది నాయనా. హోటల్ వాళ్ళది. రేపు పట్టుకెళ్తారు.”

“హోటల్ వాళ్ళకి రేపు తిండి కావాలి. మాకు ఇవాళ గోడ కావాలి. తాళం తియ్యి.”

“పరాయి సొమ్ము. నేను తియ్యను.”

“నువ్వు తియ్యకపోతే మేం తీస్తాం.” అతను వెనక్కి తిరిగాడు. “ఎవర్రా అక్కడ, గడ్డపార ఉందేమో చూడండి!”

నలుగురు కొట్టులోకి దూరారు. ఒకడి భుజం తగిలి అర గలగలలాడింది. వాళ్ళాయన గోడకి అతుక్కుపోయాడు. డోలు గోడౌన్ తలుపు దగ్గరికి వెళ్ళి తాళం పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. కొక్కెం కదిలింది.

అక్క బల్ల పట్టుకుని రెండడుగులు వేసింది. అద్దాల బీరువా తెరిచి, బంగారు అంచున్న డిన్నర్ సెట్టులోంచి పెద్ద ప్లేటు తీసింది. కొట్టు తెరిచిన నాటి నుంచీ ఎవరినీ ముట్టుకోనివ్వని సెట్టది. వీధి దాటి, గోడకేసి విసిరికొట్టింది.

ఆ చప్పుడుకి వీధంతా ఇటు తిరిగింది.

“అక్కా!” డోలు చెయ్యి తాళం మీద నుంచి జారింది. “అది... ఎవరి పేరు మీద?”

“నా తాళం మీద చెయ్యేసినవాడి పేరు మీద!”

ఎవరో పకపకా నవ్వారు. ఆ నవ్వు వెనక వరుసల దాకా పాకింది.

“ఒరే డోలూ, పదో గోల్ నీకే పడిందిరా!”

“రండి,” అంది అక్క. కోపంగా గొంతు పెంచింది. “బీరువాలో ఉన్నవన్నీ పట్టుకెళ్ళండి. అరల్లోవీ తీసుకోండి. ఊరికే ఇస్తున్నా. కప్పులు, సాసర్లు, పూలకుండీలు కూడా. వీధిలోకి పదండి ముందు, కొట్టులో ఎవరూ ఉండకూడదు!”

ఊరికే ఇస్తానని అక్క నోట ఎవరూ విని ఎరుగరు. గడ్డపార సంగతి అందరూ మరిచిపోయారు. ఏనుగు బొమ్మల టీ సెట్లు, గాజు గిన్నెలు, చిలక రంగు జగ్గులు ఒక్కొక్కటే వీధి దాటాయి. మొదట్లో పేర్లు అరిచారు, తర్వాత ఒట్టి కేకలే మిగిలాయి. చివరికి కేకలూ ఆగిపోయి చప్పుడు మాత్రమే వినిపించింది. డోలు ఆఖరి సాసరు విసిరి, అరుగు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎవరో అతన్ని లేపి నడిపించుకు వెళ్ళారు. పొద్దు వాలేసరికి వీధిలో పెంకులు తప్ప మనిషి లేడు.

అక్క షట్టరు కిందికి లాగింది. వాళ్ళాయన ఖాళీ అరల వంక చూస్తూ నేల మీద చతికిలబడ్డాడు.

“ముప్పై ఏళ్ళ కొట్టు ఒక్క పూటలో ఊడ్చుకుపోయింది. లెక్క చూసుకున్నావా?”

“చూసుకున్నాను. పోయినవన్నీ మళ్ళీ తెప్పించుకోగలిగినవే.”

ఆమె గోడౌన్ తాళం తీసి, తలుపు కొద్దిగా తోసింది.

“వెళ్ళిపోయారా అమ్మా?” అన్నాడు లోపల దాక్కున్న గోల్‌కీపర్.