కొత్త మెషీన్‌లో పాత పేరు

మా ప్రోగ్రామ్‌ను నడిచేలా తయారుచేసే ప్రతి బిల్డ్‌కీ క్లౌడ్‌లో కొత్త మెషీన్ మొదలవుతుంది, పని కాగానే మాయమవుతుంది. కోడ్‌లో పేరును దాచుకునే స్టాటిక్ వేరియబుల్‌లో ఉన్న విలువా దాంతోపాటే పోవాలి. కానీ జరిగిందంతా వరుసగా నమోదయ్యే లాగ్‌లో ‘బాధ్యులు’ అన్నచోట ప్రతిసారీ మా సీనియర్ పేరే వస్తోంది. నేను చేసిన తప్పు ఆయన నెత్తిన రుద్ది ఉద్యోగం ఊడగొట్టించాను. నెల తిరక్కుండా ఆయన గుండె ఆగి పోయారు.

“ఆ పేరు తీసెయ్యమన్నానుగా? పొద్దున్నే క్లయింట్ చూస్తాడు,” ఫోన్లో మేనేజర్ విసుక్కున్నాడు.

“తీశాను సార్. నాలుగుసార్లు.”

ఈసారి ఆ వేరియబుల్ ఉన్న లైన్లన్నీ చెరిపేసి బిల్డ్ నడిపాను. ఖాళీ ఆఫీసులో ఏసీ హోరు ఆగిపోయింది. లాగ్‌లో ఆ వరుస మళ్లీ వచ్చింది.

‘బాధ్యులు: పిచ్చుక.’

పని నేర్పిన రోజుల్లో ఆయనొక్కరే నన్నలా పిలిచేవారు.

“ఆయన పేరు పోయిందా?” అడిగాడు మేనేజర్.

“పోయింది సార్.”