చల్లారని ఇంజిన్

ఫ్రాన్సులో విమానాలు కొత్తగా ఎగురుతున్న రోజులవి. ప్రొపెల్లర్‌తో పాటు సిలిండర్లన్నీ గిర్రున తిరిగే ఇంజిన్‌ను తయారుచేసినవాడు ఎవారిస్ట్. దాన్ని విమానానికి బిగించి ఎగిరినవాడు అతని తమ్ముడు లూబిన్. నడి ఆకాశంలో ఇంజిన్ ఆగిపోయింది. లూబిన్‌ను పూడ్చిపెట్టి వారమైంది.

ఆ సాయంత్రం చీకటి పడ్డాక, ఎందుకు ఆగిందో విప్పి చూద్దామని ఎవారిస్ట్ ఒక్కడే షెడ్డుకు వెళ్లాడు. బయట మంచు కురుస్తోంది. కూలిన విమానంలోంచి తీసిన ఇంజిన్ బల్ల మీద ఉంది. రెంచీ అందుకుని, రెండో చేత్తో సిలిండర్ పట్టుకున్నాడు.

చెయ్యి చురుక్కుమంది.

అప్పుడే నేలకు దిగిన ఇంజిన్‌లా అది వేడిగా ఉంది. అందులో కందెనగా పోసే ఆముదం కాలిన వాసన షెడ్డంతా కమ్ముకుంది. దానిలో చుక్క పెట్రోలు లేదు.

తలుపు తోసుకుని లూబిన్ భార్య ఒనొరీన్ వచ్చింది.

"ఎందుకు ఆపేశారు బావగారూ?"

"దేన్నమ్మా?"

"ఇంజిన్ని. రోజూ ఈ వేళకి వంటింట్లోకి వినిపిస్తోందిగా. మీరే తిప్పి చూస్తున్నారనుకున్నా."

"లూబిన్ పోయాక నేనీ తలుపు తియ్యడం ఇదే మొదలు."

ఒనొరీన్ దగ్గరికొచ్చి, చలికి కొంకర్లు పోయిన చేతులు ఆ సిలిండర్ మీద ఆనించింది. ఆమె చేతులు కాలలేదు.

"విప్పకండి బావగారూ. ఆయన ఇంకా దిగలేదేమో."

ఎవారిస్ట్ రెంచీ కింద పెట్టేశాడు.

అప్పుడు వినిపించింది, పైన ఎక్కడో, మబ్బుల వెనక, ఇంజిన్ మోత. ఇద్దరూ తలెత్తి వింటుండగానే అది ఆగిపోయింది. ఆ తర్వాత ఎంతసేపు చెవులు రిక్కించినా, ఏదీ నేలను తాకిన చప్పుడు రాలేదు.